విద్యా తత్వవేత్తల గురించి పాఠం చెప్పడం ఎలా? – 3వ భాగం: సోక్రటీసు, ఒక సుద్దముక్క

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? తత్వవేత్త పేరు ఎత్తకుండా ఆయన ఆలోచనని ఇంట్లోవాళ్లకి ఐదు నిమిషాల్లో చెప్పమన్నాను. చెయ్యకపోతే ముందు ఆ పని చూసి రండి, ఈ పాఠానికి పునాది అదే.

చెన్నై పెరంబూరులో, బి.ఎడ్. చదివే తెలుగు పిల్లలకి ఆదివారాలు మిద్దె మీద క్లాసు చెబుతుంటాను. మొదటి ఏడాది సోక్రటీసు మీద నోట్సు చెప్పి రాయించాను: నేర్చుకోవడమంటే ఆత్మకి తెలిసినదాన్ని గుర్తుచేసుకోవడం. వారం తర్వాత 'అంటే ఏమిటి?' అంటే ఒక్కరూ నోరు మెదపలేదు. ఒక్క పుస్తకమూ రాయకుండా జీవితమంతా ప్రశ్నలడిగిన మనిషిని తీసుకెళ్లి డిక్టేషన్‌లో కూర్చోబెట్టాను మరి.

ఇప్పుడు పేరు చెప్పకుండా సుద్దముక్కతోనే మొదలుపెడతాను. నేల మీద 2 అడుగుల భుజంతో ఒక చతురస్రం గీసి, అడుగు చొప్పున 4 గళ్లు చెయ్యండి. 'దీనికి సరిగ్గా రెట్టింపు, అంటే 8 గళ్లంత చతురస్రం కావాలి. భుజం ఎంత?' అని అడగండి.

'నాలుగు' అంటారు. తప్పు అనకండి, గీయమనండి. 16 గళ్లు వస్తాయి. 'అయితే మూడు' అంటారు. గీస్తే 9. ఇక అందరూ గప్‌చిప్. మీకు అసలు పరీక్ష ఇక్కడే. జవాబు నాలుక చివర దాకా వస్తుంది, చెప్పెయ్యాలనిపిస్తుంది. నేనైతే మంచినీళ్ల సీసా తీసి మెల్లగా తాగుతాను.

కిందటేడు ఆ నిశ్శబ్దంలో ఒకమ్మాయి చేతిలోని కర్చీఫ్ నేల మీద పరిచి, నాలుగు మూలల్నీ మధ్యకి మడిచింది. 'మేడమ్, ఇది సగమైంది కదా. విప్పితే రెట్టింపు!' అంది. మడత గీత ఎక్కడ పడిందో చూడమన్నాను. 16 గళ్ల చతురస్రంలో ఉన్న నాలుగు 4 గళ్ల చతురస్రాల్నీ మూల నుంచి మూలకి కోస్తే, నాలుగు సగాలు కలిసి 8. కావాల్సిన భుజం మొదటి చతురస్రపు కర్ణమే. ('కర్ణం అంటే ఊరి కరణమా?' అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇక్కడ చదివినవాళ్లకి డయాగ్నల్ అంటేనే వెలుగుతుంది. అలాగే అనండి.)

కథ ఇప్పుడు చెప్పండి. సుమారు 2,400 ఏళ్ల కిందట ప్లేటో రాసిన 'మెనో' సంభాషణలో సోక్రటీసు ఒక బానిస కుర్రాడికి ఇదే లెక్క ఇస్తాడు. వాడూ నాలుగన్నాడు, మూడన్నాడు, చివరికి తెలియదన్నాడు. మొదలుపెట్టేముందు సోక్రటీసు వాడి గురించి అడిగింది ఒక్కటే: గ్రీకు మాట్లాడతాడా? అని. వాడి పేరు మాత్రం ప్లేటో రాయలేదు. అంతకుముందే ఆ కుర్రాడి యజమాని మెనో, నువ్వు ముట్టుకుంటే తిమ్మిరెక్కించే చేపలాంటివాడివని సోక్రటీసుని దెప్పుతాడు. కుర్రాడు 'తెలియదు' అన్నాక సోక్రటీసు ఆ మాటనే పట్టుకుని, ఈ తిమ్మిరి వాడికి మేలే చేసిందంటాడు. తెలుసనుకున్నవాడు వెతకడు, తెలియదని తెలిసినవాడే వెతుకుతాడు.

ఇంతటితో ఆపితే సోక్రటీసుకి భజన చేసినట్టే. పిల్లల్ని రెండు జట్లు చేసి వాదించమనండి: కుర్రాడు నిజంగా తనంతట తాను కనుక్కున్నాడా? ఆ కర్ణాన్ని గీసింది సోక్రటీసే. కుర్రాడి జవాబుల్లో చాలావాటికి 'అవును' చాలు. నా మటుకు నాకు, తప్పుని వాడే చూసుకున్నాడు, దారి మాత్రం సోక్రటీసు చూపించాడు అనిపిస్తుంది. దానికి సోక్రటీసు చెప్పే పూర్వజన్మ జ్ఞానం అక్కర్లేదు. మీ పిల్లలు ఒప్పుకోకపోతే మరీ మంచిది, పీరియడ్ అయిపోయేదాకా కొట్లాడుకోనివ్వండి.

ఈ వారం పని: మీ క్లాసుని ఫోన్‌లో పది నిమిషాలు రికార్డు చేసుకుని, మీరడిగిన ప్రశ్నల్లో 'కదా', 'అవునా', 'అర్థమైందా' అని ముగిసినవి ఎన్నో లెక్కపెట్టండి. నావి పదకొండింటిలో తొమ్మిది.

నాలుగో పాఠం 1939లో మదరాసు అడయారుకి వచ్చిన మరియా మాంటిస్సోరి గురించి. రెండు గిన్నెలు, ఒక చెంచా, పిడికెడు పెసలు దగ్గర పెట్టుకోండి.