సొంతంగా బిల్డ్ చేసిన లైనక్స్ ప్యాకేజీని ‘కరప్ట్’ అంటుంటే ఏం చేయాలి?

హన్మకొండ రూములో ల్యాప్‌టాప్ మీద డెబ్ ప్యాకేజీ (డెబియన్, ఉబుంటు లైనక్స్‌లలో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) చక్కగా బిల్డ్ అవుతుంది, ఇన్‌స్టాల్ కూడా అవుతుంది, అదే ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కాలేజీ ల్యాబ్‌కు పోతే అక్కడి మెషీన్ మాత్రం ప్యాకేజీ ఖరాబైందని మొండికేస్తుంది. చాలామంది వెంటనే మళ్లీ బిల్డ్ కొడతారు. వద్దు. కొత్త బిల్డ్‌లో టైమ్‌స్టాంపులు మారితే హ్యాష్ (ఫైల్‌కు వేలిముద్ర లాంటి కోడ్) కూడా మారుతుంది, ఇక పాత ఫైల్ ఎక్కడ చెడిందో, అసలు చెడిందో లేదో తేలదు. ‘కరప్ట్’ అన్న ప్రతిసారీ ఫైల్ పాడైనట్టు కాదు మరి.

ముందు రెండు మెషీన్లలోనూ ఆ ఫైల్ మీద హ్యాష్ చూపించే షా256సమ్ కమాండ్ వేయండి. తేడా వచ్చిందంటే దారిలో చెడింది. సింక్ కమాండ్ (రాయాల్సిన డేటా అంతా పెన్‌డ్రైవ్‌లోకి చేరేలా చేసేది) కొట్టకుండా, ఎజెక్ట్ చేయకుండా పెన్‌డ్రైవ్ లాగేస్తే జరిగేది ఇదే. వైఫైలో దింపుకున్న ఫైలైతే అది ఏ రకం ఫైలో చెప్పే ‘ఫైల్’ కమాండ్ కూడా వేసి చూడండి. ‘డెబియన్ బైనరీ ప్యాకేజ్’ అని రావాలి. ‘హెచ్‌టీఎంఎల్ డాక్యుమెంట్’ అని వచ్చిందా, మీరు దింపుకున్నది ప్యాకేజీ కాదు, హాస్టల్ వైఫై లాగిన్ పేజీ! పేరు చివర డాట్ డెబ్ అనే ఉంటుంది, సైజు చూస్తే కొన్ని కేబీలే.

హ్యాష్ రెండు చోట్లా ఒకటే అయితే ఫైల్‌ను విప్పి చూడాలి. డెబ్ అంటే టిఫిన్ క్యారియర్ లాంటిది, మూడు గిన్నెలుంటాయి: డెబియన్-బైనరీ, కంట్రోల్ టార్, డేటా టార్. వరుస కూడా ఇదే ఉండాలి, ‘ఏఆర్’ (ఫైళ్లను ఒక్కటిగా కట్టే కమాండ్)తో చేత్తో ప్యాక్ చేసినప్పుడు ఈ వరుస తప్పితే డెబ్‌లను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ ఒప్పుకోదు. ‘ఏఆర్ టీ’ అని వేస్తే లోపలి పేర్లు కనిపిస్తాయి. కంట్రోల్ టార్ చివర ‘జెడ్ఎస్‌టీ’ అని ఉండి, ఎర్రర్‌లో ‘అన్‌నోన్ కంప్రెషన్’ అనే మాట ఉంటే ఫైల్‌కు ఏ రోగమూ లేదు. ఉబుంటు 21.10 నుంచి డెబ్ ఫైళ్లను జెడ్‌స్టాండర్డ్‌తో కుదిస్తోంది, డెబియన్ 11లోని డీపీకేజీకి అది చదవడం రాదు, డెబియన్ 12కు వచ్చు. పాత మెషీన్లకు కూడా ఇవ్వాలంటే డెబ్‌ను ప్యాక్ చేసే డీపీకేజీ-డెబ్ కమాండ్‌కు ‘మైనస్ క్యాపిటల్ జెడ్ ఎక్స్‌జెడ్’ ఆప్షన్ ఇచ్చి బిల్డ్ చేయండి.

ల్యాబ్ కోసం సొంత రిపాజిటరీ (మెషీన్లు ప్యాకేజీలు దింపుకునే సర్వర్) పెట్టుకున్నవాళ్లను ఎక్కువగా పరేషాన్ చేసేది ‘హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్’. చిన్న మార్పే కదా అని అదే వెర్షన్ నంబర్‌తో మళ్లీ బిల్డ్ చేసి పాత ఫైల్ మీద కొత్తది పడేస్తారు, కానీ రిపాజిటరీలోని ప్యాకేజీల జాబితా అయిన ‘ప్యాకేజెస్’ ఇండెక్స్‌లో పాత హ్యాషే ఉండిపోతుంది, ప్యాకేజీలు దింపే ఏపీటీ ఆ రెండింటినీ పోల్చి తిరగ్గొడుతుంది. తిరగ్గొట్టడమే దాని పని కూడా. కాబట్టి ఎంత చిన్న మార్పైనా చివరి నంబర్ పెంచండి, -1 ఉంటే -2 చేయండి, ఆ తర్వాత ‘ప్యాకేజెస్’, ‘రిలీజ్’ ఫైళ్లను మళ్లీ తయారుచేసి సంతకం చేయండి. క్లయింట్ మెషీన్‌లో ‘ఏపీటీ క్లీన్’, ఆ వెంటనే ‘ఏపీటీ అప్‌డేట్’. అప్పటికీ పోకపోతే మధ్యలో ఉన్న ప్రాక్సీ (ఫైళ్లను దాచుకుని అందించే సర్వర్) పాత కాపీనే ఇస్తోందేమో చూడండి.

ఆర్చ్ (మరో రకం లైనక్స్) వాడేవాళ్లకు ‘ఇన్‌వాలిడ్ ఆర్ కరప్టెడ్ ప్యాకేజ్’ పక్కన ‘పీజీపీ సిగ్నేచర్’ అని కనిపిస్తే అది ప్యాకేజీల మీది సంతకాన్ని సరిచూసే తాళంచెవుల (కీల) గొడవ. సిస్టమ్ గడియారం సరిగా ఉందో లేదో చూసి, ముందు ఆర్చ్‌లైనక్స్-కీరింగ్‌ను అప్‌డేట్ చేసి, వెంటనే మొత్తం సిస్టమ్‌ను అప్‌డేట్ చేయండి. సంతకాల తనిఖీని నిర్ణయించే సిగ్‌లెవెల్ సెట్టింగ్‌ను ‘నెవర్’ అని పెట్టేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి.

ఇవేవీ కాకపోతే బిల్డ్ మెషీన్‌నే అనుమానించాలి. డిస్క్, టెంప్ (తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్) నిండాయేమో ‘డీఎఫ్’ కమాండ్‌తో చూడండి, సిస్టమ్ సందేశాలు చూపే ‘డీమెసేజ్’లో ఐఓ (డిస్క్ చదవడం, రాయడం) ఎర్రర్లు వెతకండి. బిల్డ్ మధ్యలో కరెంటు పోయి ఉంటే సగం తయారైన డైరెక్టరీని తీసేసి మొదటి నుంచి చేయండి. ఒకే ఫైల్ మీద వరసగా షా256సమ్ వేస్తే ఒక్కోసారి ఒక్కో హ్యాష్ వస్తోందంటే ర్యామ్ మీదే అనుమానం, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను రాత్రంతా నడవనివ్వండి. ఒక్క ఎర్రర్ కనిపించినా ఆ ర్యామ్ స్టిక్ తీసేయండి, దానితో బిల్డ్ చేసిన పాత ప్యాకేజీలన్నిటినీ మళ్లీ చేయండి.