మాడ్‌చిప్ వేశాక ప్లేస్టేషన్ మొరాయిస్తోందా? ఏ స్క్రీన్ దగ్గర ఆగిందో ముందు చూడండి

వేరే ప్రాంతపు డిస్కులు కూడా నడిచేలా కన్సోల్ బోర్డుకి అతికించే చిన్న చిప్పే మాడ్‌చిప్. అది వేశాక కన్సోల్ పనిచేయకపోతే అందరి చేయీ ముందు సోల్డరింగ్ ఐరన్ మీదకే పోతుంది. దయచేసి ఆగండి. ఒకే చోట మళ్లీ మళ్లీ వేడి తగిలితే బోర్డు మీది సన్నని ప్యాడ్ ఊడి వస్తుంది. అప్పుడు చిన్న తప్పు కాస్తా పెద్ద రిపేరవుతుంది.

మొదటి తరం ప్లేస్టేషన్‌లో తప్పు ఎక్కడుందో తెరే సగం చెబుతుంది. ముందు వచ్చే తెల్ల స్క్రీన్‌కి డిస్క్‌తో పనిలేదు. అది వచ్చిందంటే బోర్డు చాలావరకు బాగానే ఉన్నట్టు. తర్వాత వచ్చే నల్ల స్క్రీన్ మాత్రం డిస్క్ చదివి, దాన్ని ఒప్పుకున్నాకే వస్తుంది. చిప్ పని ఈ రెండింటి మధ్యే. ఒరిజినల్ డిస్క్ మొదట్లో ట్రాక్‌ని కావాలనే కాస్త వంకరగా చెక్కి, అందులో నాలుగక్షరాలు దాస్తారు. అమెరికా డిస్క్‌లో ఎస్‌సీఈఏ, యూరప్‌లో ఎస్‌సీఈఈ, జపాన్‌లో ఎస్‌సీఈఐ. చిప్ అవే అక్షరాలను సెకనుకు 250 బిట్ల వేగంతో డ్రైవ్ సర్క్యూట్‌కి పంపుతుంది. అంతకుమించి ఏమీ చేయదు. డిస్క్ తిప్పేదీ, బొమ్మ చూపించేదీ అది కాదు.

అందుకే మొదటి పరీక్ష కన్సోల్ సొంత ప్రాంతపు ఒరిజినల్ డిస్క్‌తోనే. అది కూడా నడవకపోతే చిప్ నుంచి వెళ్లే సిగ్నల్ వైర్లు ఊడదీసి మళ్లీ చూడండి. ఇప్పుడు నడిస్తే తప్పు చిప్‌దో వైరింగ్‌దో. అప్పటికీ నడవకపోతే విప్పి బిగించేటప్పుడు ఇంకేదో కదిలింది.

పవర్ లైటే వెలగడం లేదు

దాదాపు ఎప్పుడూ షార్టే. ప్లగ్ తీసేసి, చిప్ 3.5 వోల్టుల పాయింట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టండి. బీప్ ఆగకుండా మోగితే రెండు పిన్నుల మధ్య టంకం అంటుకుని ఉంటుంది. షార్ట్ లేకపోతే పవర్ కనెక్టర్ దగ్గరి చిన్న ఫ్యూజులు చూడండి. పాత పెద్ద మోడళ్లలో మెయిన్స్ కరెంటు పెట్టె లోపలి పవర్ బోర్డుకే వస్తుంది. ప్లగ్ తీశాక కూడా ఆ బోర్డు మీద చేయి వేయకండి.

తెల్ల స్క్రీన్ వస్తుంది, డిస్క్ తిరగదు

మూత తీసి పరీక్షిస్తున్నారా? మూత స్విచ్ నొక్కి ఉంటే తప్ప డిస్క్ తిరగదు. తర్వాత లెన్స్ రిబ్బన్ కేబుల్ తీసి, నిటారుగా, చివరిదాకా దిగేలా మళ్లీ పెట్టండి.

సొంత ప్రాంతపు డిస్క్ నడుస్తుంది, వేరే ప్రాంతపుది నడవదు

ప్లేస్టేషన్ డిస్క్ పెట్టమనే సందేశం దగ్గర ఆగుతుంటే చిప్ మాట డ్రైవ్‌కి చేరడం లేదు. ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే, ఓపిగ్గా ఒక్కొక్కటే చూడండి.

చాలా మాడ్‌చిప్పులు నిజానికి ప్రోగ్రామ్ ఎక్కించిన ఎనిమిది కాళ్ల చిన్న మైక్రోకంట్రోలర్లు, పిక్ 12సీ508 లేదా దాని కుటుంబంలోనివి. వాటిలో 1వ పిన్ను పవర్, 8వది గ్రౌండ్. కన్సోల్ ఆన్‌లో ఉండగా ఈ రెండింటి మధ్య 3.5 వోల్టులకు దగ్గరగా రావాలి. సున్నా వస్తే వైరు అతకలేదు. బోర్డు మీద 7.5 వోల్టుల లైను కూడా ఉంది. పొరపాటున దానికి కలిపితే చిప్ చచ్చిపోయినట్టే, ఎందుకంటే దాని హద్దు 5.5 వోల్టులు.

కాళ్లు పైకి వచ్చేలా చిప్‌ను బోల్తా పెట్టి అంటించారా? అలాగైతే పిన్నుల వరస అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారుతుంది. నేనూ ఒకసారి ఈ తప్పే చేశాను, చిప్ వేలు పెట్టలేనంత వేడెక్కింది. అప్పటినుంచి అంటించేముందే 1వ పిన్ను పక్కన గుర్తు గీసుకుంటున్నాను.

తర్వాత బోర్డు నంబరు. పెట్టె వెనకున్న మోడల్ నంబరును నమ్ముకోవద్దు, లోపలి బోర్డు మీద పీయూ-8, పీయూ-18, పీయూ-22 అని ముద్రించింది చదవండి. ఒక బోర్డు వైరింగ్ బొమ్మ చూసి ఇంకో బోర్డుకి వైర్లు వేస్తే టంకం ఎంత బాగున్నా ఫలితం ఉండదు. ఎస్‌సీపీహెచ్-102 అనే యూరప్ పీఎస్ వన్‌లో బయాస్ (కన్సోల్‌ని మొదలుపెట్టే లోపలి ప్రోగ్రామ్) కూడా డిస్క్ ప్రాంతాన్ని చూస్తుంది, కాబట్టి మామూలు చిప్ చాలదు.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే ఐరన్ పట్టండి. మసకగా, ఉండకట్టినట్టున్న టంకం డ్రై సోల్డర్. టంకం బాగా అంటుకునేలా చేసే ఫ్లక్స్ కాస్త వేసి ఒక్కసారి వేడి చేస్తే చాలు.

ఒకసారి నడుస్తుంది, ఒకసారి నడవదు

ఒరిజినల్ డిస్క్ కూడా ఇలాగే ఆడుతుంటే లెన్స్ అరిగింది, చిప్‌ను వదిలేయండి. చిప్ అవసరమైన డిస్కులకే ఇలా ఉంటే గ్రౌండ్ వైరు చూడండి. 12ఎఫ్508, 12ఎఫ్629 లాంటి చిప్‌లో మీరే ప్రోగ్రామ్ ఎక్కించుకుని ఉంటే ఇంకో అనుమానం ఉంది. చిప్ లోపలి గడియారం వేగాన్ని సరిచేసేందుకు ఫ్యాక్టరీలో రాసిన విలువ మెమరీ చివర ఉంటుంది. పూర్తిగా చెరిపినప్పుడు అదీ పోతే టైమింగ్ తప్పుతుంది. చెరిపేముందు చదివి రాసిపెట్టుకుని, మళ్లీ అదే విలువ ఎక్కించాలి.

కన్సోల్‌లో మార్పులు చేశారంటూ ఆట ఆగిపోతోంది

వైరింగ్ తప్పు కాదు. పాత చిప్పులు అక్షరాలను ఆపకుండా పంపుతూనే ఉంటాయి. రావాల్సిన అవసరం లేని సమయంలోనూ అవి వస్తున్నాయేమో చూసి, తర్వాతి ఆటలు కొన్ని చిప్‌ని పట్టేస్తాయి. బూట్ అవగానే మౌనంగా ఉండే స్టెల్త్ రకం వేసుకోవాలి.

ఆట వస్తుంది, బొమ్మ నలుపు తెలుపు

ఇక్కడ చిప్ తన పని చేసేసింది. యూరప్ ఆటలు 50 హెర్ట్జ్, అమెరికా, జపాన్ ఆటలు 60 హెర్ట్జ్. కన్సోల్ పంపే రంగుల సిగ్నల్ టీవీకి అర్థం కావడం లేదంతే. టీవీలో సౌకర్యం ఉంటే ఆర్‌జీబీ కేబుల్ వాడండి, రంగులు వచ్చేస్తాయి. బొమ్మ పైకీ కిందకీ దొర్లుతుంటే మాత్రం ఆ హెర్ట్జ్‌ని తీసుకునే టీవీయే కావాలి.