పన్నెండు బోరు పాఠాలు – 4: పట్టినంత మాత్రాన సరిపోదు

పోయిన పాఠంలో తుపాకీ బోరు, అంటే గొట్టం లోపలి కొలత, ఏమిటో చూశాం. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు వ్యాసమే 12 బోరు, సుమారు 18.5 మిల్లీమీటర్లు. అది లావు లెక్క. ఈసారి కార్ట్రిడ్జ్ (గుండ్లు, మందు నింపిన డొప్ప) పొడవు లెక్క. కొత్తవాళ్ల కంటే అనుభవం ఉన్నవాళ్లే ఎక్కువగా పొరపాటుపడే చోటు ఇది.

ముందు ఒక చిన్న పని చేయండి. 70 మి.మీ. అని రాసి ఉన్న కాల్చని కార్ట్రిడ్జ్ ఒకటి, అదే రకంలో కాల్చేసిన ఖాళీ డొప్ప ఒకటి తీసుకోండి. తుపాకీ బీరువాలోనే ఉండనీయండి, ఇవాళ దానితో పనిలేదు. రెండింటినీ స్కేలు పక్కన పెట్టి చూడండి. డొప్ప 70కి దగ్గరగా వస్తుంది. కాల్చనిది దాదాపు 58 దగ్గరే ఆగిపోతుంది.

మిగతా పొడవు మూతి మడతలో ఉంది. పల్లీల పొట్లం పైన మడిచినట్టు, డొప్ప మూతిని లోపలికి మడిచి మూస్తారు. కాల్చినప్పుడు ఆ మడత విప్పుకుంటుంది. పెట్టె మీద ఉండే అంకె విప్పుకున్నాక ఉండే పొడవు. ఛాంబర్ (గొట్టంలో కార్ట్రిడ్జ్ కూర్చునే భాగం) మీద చెక్కిన అంకె కూడా ఆ పొడవు డొప్ప కోసమే.

12 బోరులో తరచూ కనిపించే పొడవులు 65, 70, 76, 89 మి.మీ. అంగుళాల్లో అయితే 2½, 2¾, 3, 3½. చిక్కంతా ఇక్కడే ఉంది. కాల్చని 76 కార్ట్రిడ్జ్ 70 మి.మీ. కంటే పొట్టిగానే ఉంటుంది కాబట్టి 70 ఛాంబర్లోకి హాయిగా దూరుతుంది. తుపాకీ మూసుకుంటుంది కూడా. అందుకే ‘పెట్టి చూస్తే తెలిసిపోతుంది కదా’ అనే పరీక్ష ఇక్కడ పనికిరాదు. అది పరీక్ష కాదు, ఉచ్చు.

ఛాంబర్ అయిపోయిన చోట గొట్టం కొంచెం కొంచెంగా సన్నబడుతుంది. ఆ ఏటవాలు భాగాన్ని ఫోర్సింగ్ కోన్ అంటారు. పొడుగు కార్ట్రిడ్జ్ మడత విప్పుకునేటప్పటికి ఛాంబర్లో చోటు చాలదు. మూతి వెళ్లి కోన్‌లో పడుతుంది. గుండ్లూ, వాటి వెనక ఉండే వాడ్ అనే బిరడా వెళ్లాల్సిన దారి అక్కడ ఇరుకైపోతుంది, వెనక ఒత్తిడి పెరుగుతుంది. దానికి తోడు 76లో సాధారణంగా గుండ్ల బరువు కూడా ఎక్కువే.

‘మా తాతగారు ఏళ్ల తరబడి అలాగే కాల్చారు, ఏమీ కాలేదు’ అనేవాళ్లు ఉంటారు. నిజమే అయి ఉండొచ్చు. ప్రతిసారీ గొట్టం పగలదు. ఒక్కోసారి ఏళ్లు గడిచాక కీలు వదులవుతుంది, అప్పుడు కారణం ఎవరికీ గుర్తుండదు. 89 సంగతి ఇంకా వేరు. అమెరికా ప్రమాణాల్లో 70, 76 రెండింటికీ గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 11,500 పౌన్లు, 89కి 14,000.

మన పాత కుటుంబాల్లో వారసత్వంగా వచ్చిన ఇంగ్లీషు డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల తుపాకీ) ఉంటే ఈ పేరా రెండుసార్లు చదవండి. వాటిలో చాలావాటికి ఛాంబర్ 65 మి.మీ. మాత్రమే. గొట్టాల అడుగున వజ్రం ఆకారంలో 12, దాని కింద ‘సి’ అక్షరం ఉంటే అది పాతకాలపు ముద్ర. పొడవు అంకె అసలు ఉండకపోవచ్చు. అలాంటప్పుడు ఊహించొద్దు, తుపాకీ మరమ్మతు చేసే నిపుణుడి దగ్గర గేజ్ పెట్టి కొలిపించండి. ఇంగ్లండులో 67 మి.మీ. కార్ట్రిడ్జ్‌లు కొన్ని 65 ఛాంబర్ కోసమే తయారవుతాయి, కానీ పెట్టె మీద ఆ మాట స్పష్టంగా రాసి ఉండాలి.

ఇటు నుంచి అటు అయితే టెన్షన్ లేదు. 76 ఛాంబర్లో అదే బోరు 70 కాల్చొచ్చు. చేత్తో ముందు పిడిని వెనక్కీ ముందుకీ లాగే పంప్ తుపాకీకి, డబుల్ బ్యారెల్‌కి ఏ తేడా తెలియదు. 89 ఛాంబర్ ఉన్న, డొప్పను తనంతట తానే మార్చుకునే సెమీ ఆటోమేటిక్ మాత్రం 24 గ్రాముల తేలిక కార్ట్రిడ్జ్‌తో ఒక్కోసారి డొప్పను బయటికి నెట్టలేక మొరాయిస్తుంది. ఎక్కువ కాల్చాక ఛాంబర్ ముందు భాగంలో మసి పేరుకుంటుంది, బ్రష్‌తో తీసేయండి.

వచ్చే పాఠానికి ముందు, ఖాళీ అని రెండుసార్లు చూసుకున్న మీ తుపాకీ మీద ఛాంబర్ అంకె ఎక్కడుందో వెతికి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ పక్కనే మీ పెట్టెల మీదున్న అంకెలూ రాయండి. అయిదో పాఠంలో పసుపు రంగు 20 బోరు డొప్ప, 12 బోరు గొట్టంలోకి జారితే ఏమవుతుందో చూద్దాం.