షాఫ్ట్ విప్పితే గేరు పట్టదు: మామిడి లోడ్లకు ముందు పికప్ కింద దూరేవాళ్లకు

మళ్లీ అదే రకం వార్త. కొంచెం వాలులో ఆపిన పికప్, కింద పడుకుని ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు పోయే తిరిగే గొట్టం) బోల్టులు విప్పుతున్న మనిషి, చివరి బోల్టు ఊడగానే కదిలిన బండి. అది ఫస్ట్ గేర్లోనే ఉంది. నూజివీడు, దామలచెరువు వైపు మామిడి లోడ్లు మొదలయ్యేలోపు షాఫ్ట్ క్రాసులు (షాఫ్ట్ చివర్లలో కీలులా వంగే ప్లస్ ఆకారపు ముక్కలు) మార్పించుకునే బండ్లు చాలానే ఉంటాయి. పానాలు సరైనవి వాడండి, వెలుతురు పెట్టుకోండి లాంటివి ఎవరూ చెప్పక్కర్లేదు. పని బాగా వచ్చినవాళ్లు కూడా తప్పేది ఒక్కచోటే. చక్రాలకు ఊత (టైరుకు ఆనించే అడ్డు చెక్క) పెట్టకుండా, గేరును నమ్ముకుని షాఫ్ట్ విప్పుతారు.

గేర్లో పెట్టిన బండి ఎందుకు ఆగుతుంది? ఇంజిన్ బిగువు గేర్‌బాక్స్ నుంచి షాఫ్ట్‌కి, షాఫ్ట్ నుంచి వెనక యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల పెట్టె అయిన డిఫరెన్షియల్‌కి, అక్కణ్నుంచి వెనక చక్రాలకు అందుతుంది కాబట్టి. మధ్యలో షాఫ్ట్ తీసేశాక గేర్‌బాక్స్‌కీ చక్రాలకీ సంబంధమే లేదు. ఫస్ట్‌లో ఉన్నా, రివర్స్‌లో ఉన్నా, న్యూట్రల్‌లో ఉన్నట్టే.

షాఫ్ట్ విప్పకపోయినా ఇంకో మెలిక ఉంది. వెనక ఒక్క చక్రాన్నే జాకీతో లేపితే, గాల్లో ఉన్న చక్రాన్ని డిఫరెన్షియల్ ఎదురు దిక్కుకు తిరగనిస్తుంది. అది తిరిగేకొద్దీ నేల మీది చక్రం దొర్లుతుంది. గేరు వేసే ఉంది, షాఫ్ట్ బిగించే ఉంది, అయినా బండి జాకీ మీంచి జారుతుంది.

ఇక హ్యాండ్ బ్రేక్. మన పికప్పుల్లో ఎక్కువవాటికి అది వెనక డ్రములనే పట్టుకుంటుంది. వెనక రెండు చక్రాలూ లేపాక పట్టుకున్నా ఒకటే, వదిలేసినా ఒకటే. కేబుల్ సాగిపోయిన బండికి చక్రాలు నేల మీదున్నా అంతే. పైగా క్రాస్‌లో ప్లే (వదులు) చూడాలన్నా, షాఫ్ట్ తిప్పి పైనున్న బోల్టును కిందికి తెచ్చుకోవాలన్నా గేరు న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ దించక తప్పదు. ఆ సమయంలో బండిని ఆపేది ముందు చక్రాలకు పెట్టిన ఊతలు మాత్రమే.

అందుకని ముందు రెండు చక్రాలకూ, ఒక్కోదానికి ముందొకటి వెనకొకటి, మొత్తం నాలుగు ఊతలు. ఏటవాలుగా కోసిన గట్టి చెక్క, ఆరంగుళాల ఎత్తుకు తగ్గకుండా. గుండ్రాయి పనికిరాదు, టైరు దాన్ని తోసుకుపోతుంది. ఊతను టైరుకు ఆనించి సుత్తితో ఒక దెబ్బ వేయండి. గేరు న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ దించి, ఇద్దరు మనుషులు బండిని ముందుకూ వెనక్కూ తోసి చూడండి. కదలకపోతేనే జాకీ పెట్టి లేపండి. లేపాక వెనక యాక్సిల్ గొట్టం కింద రెండు స్టాండ్లు. లోడు ముందే దించేయాలి.

జబ్బు ఏదో ముందు తేల్చుకోండి

ఆగిన బండిని ఫస్ట్‌లో, వెంటనే రివర్స్‌లో వేసి క్లచ్ వదిలినప్పుడు కింద టక్‌మంటే క్రాస్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. డిఫరెన్షియల్ పళ్ల మధ్య ఖాళీ పెరిగినా అదే చప్పుడు వస్తుంది. తేడా చేత్తోనే తెలుస్తుంది. ఒక చేత్తో ఫ్లాంజ్ (షాఫ్ట్‌ను బోల్టులతో బిగించే పళ్లెం) వైపు యోకును (క్రాస్‌ను పట్టుకునే రెండు చెవుల ముక్క) కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో షాఫ్ట్‌ను ఎదురు దిక్కుకు మెలిపెట్టండి. తర్వాత పైకీ కిందికీ ఎత్తి చూడండి. యోకుకూ క్రాస్‌కూ మధ్య వెంట్రుకవాసి కదలిక తగిలినా క్రాస్ అయిపోయినట్టే. రెండూ కలిసే కదిలి, వెనక హౌసింగ్‌లో చప్పుడు వస్తే తప్పు డిఫరెన్షియల్‌ది.

నెమ్మదిగా పోతున్నప్పుడు షాఫ్ట్ తిరిగే లయతో కీచుమంటే క్రాస్ నాలుగు కొనలకూ తొడిగిన కప్పుల్లో గ్రీజు ఎండింది. సీలు చుట్టూ ఎర్రటి పొడి కనిపిస్తే లోపల సూది బేరింగులు తుప్పు పట్టి అరుగుతున్నాయి, ఇక గ్రీజు కొట్టి లాభం లేదు. లోడుతో కదిలే మొదటి క్షణాల్లో వణికి, వేగం అందుకోగానే సర్దుకుంటే ముందు షాఫ్ట్‌ను మధ్యలో మోసే సెంటర్ బేరింగ్ రబ్బరు చూడాలి. వేగంతో పాటు పెరిగే వణుకైతే షాఫ్ట్ గొట్టానికి పట్టిన బురద గీకి చూడండి, ఖర్చు లేని పని. మలుపుల్లో హెచ్చీ తగ్గీ వినిపించే మోత చాలాసార్లు వీల్ బేరింగ్‌ది.

ఎక్కువ లోడు కోసం కమాన్ పట్టీలు అదనంగా వేయించిన బండ్లలో క్రాసులు ఊరికే పోతుంటాయి. వెనక భాగం లేచి షాఫ్ట్ కోణం పెరుగుతుంది. దానికి క్రాస్ కంపెనీని తిట్టి ప్రయోజనం లేదు.

విప్పడం, బిగించడం

బోల్టు మీద పానా పెట్టేముందు పెయింట్‌తో గుర్తులు పెట్టండి. షాఫ్ట్‌కూ ఫ్లాంజ్‌కూ ఒకటి, స్లిప్ జాయింట్ (పళ్లతో ఒకదాంట్లో ఒకటి జారే అతుకు) రెండు ముక్కలకూ ఒకటి. క్రాస్ కోణంలో తిరిగినప్పుడు ప్రతి చుట్టులో షాఫ్ట్ వేగం రెండుసార్లు హెచ్చి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని అవతలి చివరి క్రాస్ సరిచేయాలంటే రెండు యోకులూ ఒకే వరుసలో ఉండాలి. స్లిప్ జాయింట్ ఒక్క పన్ను తప్పి ఎక్కినా, కొత్త క్రాసులు వేసిన బండి పాతదానికంటే ఎక్కువ వణుకుతుంది.

ఒక చివర విప్పి షాఫ్ట్‌ను అలా వేలాడదీయొద్దు. తాడుతో కట్టండి, లేకపోతే బాగున్న క్రాస్ కూడా పాడవుతుంది. గేర్‌బాక్స్‌లోకి నేరుగా దూరే రకం షాఫ్టయితే తీయగానే ఆయిల్ కారుతుంది, కింద పళ్లెం పెట్టుకోండి.

కప్పులు జారకుండా ఆపే స్ప్రింగు రింగులు, అంటే నాలుగు సర్‌క్లిప్పులు తీశాక కప్పుల్ని వైస్‌లో నొక్కి తీయాలి. ఒక వైపు కప్పుకంటే చిన్న సాకెట్, ఎదురుగా కప్పు పట్టేంత పెద్ద సాకెట్. వైస్‌లో యోకును పట్టించండి. గొట్టాన్ని పట్టిస్తే నొక్కుకుపోయి బ్యాలెన్స్ పోతుంది.

కొత్త కప్పులో సూదులు గ్రీజు పట్టు మీదే నిలబడి ఉంటాయి. బిగించేటప్పుడు ఒక్కటి అడ్డంగా పడితే కప్పు పూర్తిగా దిగదు, సర్‌క్లిప్ గాడి కనిపించదు. అక్కడ సుత్తి అందుకుంటారు. సూది విరుగుతుంది, ఆ క్రాస్ సీజన్ దాటదు. గాడి కనిపించకపోతే కప్పు బయటికి తీసి, సూదులన్నీ వరుసలో నిలబెట్టి మళ్లీ మొదలుపెట్టండి. బిగించాక క్రాస్ నాలుగు దిక్కులా చేత్తో హాయిగా తిరగాలి. గట్టిగా ఉంటే యోకు చెవుల మీద మెల్లగా తట్టండి.

గ్రీజు నిప్పల్ గొట్టం వైపుకు, గన్ అందేలా ఉండాలి. నాలుగు సీళ్ల నుంచీ కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టండి. మూడింట్లోనే వచ్చిందంటే నాలుగోది ఎండుగానే తిరుగుతుంది.

ఇక మిగిలినవి:

పాత లాక్ నట్లు మళ్లీ వాడొద్దు.

ఫ్లాంజ్ బోల్టులు ఎదురెదురుగా, కంపెనీ చెప్పిన టార్క్‌కి బిగించాలి. మొదటి లోడు దించాక ఇంకోసారి పానా వేసి చూడాలి.

గొట్టం మీద అతికిన చిన్న ఇనుప ముక్కలు చెత్త కాదు, బ్యాలెన్స్ బరువులు. కొట్టి ఊడదీయొద్దు.

గొట్టం పగిలితే రోడ్డు పక్క వెల్డింగ్ వద్దు.

సర్‌క్లిప్ కొట్టేటప్పుడు కళ్లద్దాలు. అది ఎగిరితే నేరుగా మొహానికే.

లుంగీ కట్టుకుని, మెడలో తువ్వాలు వేసుకుని తిరిగే షాఫ్ట్ దగ్గరికి పోవద్దు.

చక్రాలు లేపి, ఇంజిన్ స్టార్ట్ చేసి, గేర్లో వేసి కింద దూరి చూస్తామనేవాళ్లను వెళ్లగొట్టండి.

ఇటుకల మీద బండి నిలపొద్దు. సిమెంటువైనా సరే. చెప్పకుండా పగులుతాయి.

మీరు కింద ఉండగా క్యాబిన్‌లో ఎవరూ కూర్చోకూడదు. తాళం మీ జేబులో ఉండాలి.

పనంతా అయి షాఫ్ట్ బిగించాక కూడా ఊతలు చివర్న తీయాలి. స్టాండ్లు తీసి, చక్రాలు నేలకు ఆని, హ్యాండ్ బ్రేక్ లాగాక. "ఐదు నిమిషాల పనే కదా" అన్నవాళ్లకు కూడా నాలుగు ఊతలే.

దారిలో టక్ టక్ మొదలైతే "మార్కెట్ దాకా పోతుందిలే" అనుకోవద్దు. ముందు చివర తెగితే షాఫ్ట్ రోడ్డులో గుచ్చుకుని బండిని ఎత్తి పడేయగలదు. వెనక చివర తెగితే ఊగుతూ బ్రేకు పైపుల్నీ డీజిల్ ట్యాంకునీ కొడుతుంది.

ఘాట్‌లో షాఫ్ట్ తెగిందా, ఇంజిన్ బ్రేకింగ్ పోయింది, గేరు పట్టదు. ఇంజిన్ ఆపొద్దు, ఆపితే పెడల్‌కు బలం కలిపే బ్రేక్ బూస్టర్ సాయం పోయి పెడల్ గట్టిపడుతుంది. పెడల్ తొక్కి, హ్యాండ్ బ్రేక్ లాగి, కొండ వైపు అంచుకు తెచ్చి ఆపండి. క్లీనర్ దిగి చక్రాలకు ఊతలు వేసి "సరే" అనేదాకా పెడల్ మీంచి కాలు తీయొద్దు. ఊతలు నాలుగూ బండిలోనే, సీటు వెనక, చేతికందేలా ఉండాలి. క్రేట్ల కింద కాదు.