పగిలిన రికార్డింగును ఆడాసిటీలో బాగుచేయడం ఎలా?

పెళ్లిలో నాదస్వరం, డోలు రికార్డు చేసి, డోలు దెబ్బ పడిన ప్రతిచోటా సౌండు పగులుతోందని వచ్చేవారిలో చాలామంది అప్పటికే వాల్యూమ్ తగ్గించి చూసి ఉంటారు. అలా చేస్తే పగులు చిన్నగా వినిపిస్తుందే తప్ప పోదు. 16 బిట్ల ఫైలులో శాంపిల్ (ఒక్కో క్షణంలో తరంగపు ఎత్తును కొలిచిన అంకె) విలువ 32,767ను దాటలేదు కనుక, అంతకు మించిన శబ్దం వచ్చినప్పుడు తరంగపు కొన తెగి చదునుగా మిగిలిపోతుంది. ఆ కొనను మళ్లీ గీయించవలసిందే.

సౌండును దిద్దడానికి ఉచితంగా దొరికే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఆడాసిటీ, చెవులను పూర్తిగా కప్పే వైరు హెడ్‌ఫోన్లు చాలు. ఈ పనికి బ్లూటూత్ పనికిరాదు. రికార్డరులోని అసలు ఫైలుకు నకలు తీసి దానినే తెరవండి. వాట్సాప్‌లో తిరిగి వచ్చిన ఫైలు కుదింపుకు గురై ఉండవచ్చు, అలాగైతే అందులో చదును కొనలు వంకరలు పోయి గుర్తుపట్టడం కష్టమవుతుంది. నాయిస్ రిడక్షన్, ఈక్వలైజర్ వంటివేవీ ముందుగా ముట్టుకోకండి.

వ్యూ మెనూలో షో క్లిప్పింగ్ ఎంచుకుంటే తెగినచోట్ల ఎర్ర గీతలు కనిపిస్తాయి. అయితే ఎర్ర గీత ఉన్నంత మాత్రాన కొన తెగిందని కాదు. 32 బిట్ ఫ్లోట్‌లో (పరిమితి దాటిన విలువలను కూడా దాచుకునే రకం) రికార్డయిన ఫైలును ఆంప్లిఫై (శబ్దాన్ని పెంచే, తగ్గించే ఎఫెక్ట్) ద్వారా 10 డెసిబెళ్లు తగ్గించి చూసినప్పుడు గుండ్రని కొనలు బయటపడితే, పోయినదేమీ లేదు, మీ పని అక్కడితో అయిపోయింది. మరోవైపు, మండపంలోని స్పీకరే పగిలి మోగి ఉంటే తరంగంలో చదును భాగమే ఉండదు. కింది పద్ధతి దానికి పనిచేయదు.

ఇక అందరూ పాడుచేసే దశ క్లిప్ ఫిక్స్, అంటే తెగిన కొనలను మళ్లీ గీసే ఎఫెక్ట్. ట్రాక్ మొత్తం ఎంచుకుని, ఉన్న అంకెలతోనే ఓకే నొక్కేవారిని చూసి విసిగిపోయాను. థ్రెషోల్డ్‌లో (ఏ ఎత్తు దాటితే కొన తెగినట్టు లెక్కించాలో చెప్పే అంకె) కనిపించే 95 శాతం ఫైలు గరిష్ఠ పరిమితిలో శాతం కాదు, మీరు ఎంచుకున్న భాగంలోని అతి ఎత్తైన శాంపిల్‌లో శాతం. మైకుకు చేయి తగిలిన ఒక్క చప్పుడు గరిష్ఠ పరిమితి అయిన 1.0 దాకా వెళ్లి, డోలు మాత్రం మిక్సరులోనే తెగి 0.8 దగ్గర చదునై ఉంటే, 95 శాతం పెట్టినప్పుడు డోలు దెబ్బ ఒక్కటీ బాగుపడదు. అందుకే ఒక్కొక్క దెబ్బను విడిగా ఎంచుకోవాలి.

విడివిడిగా ఎంచుకుంటే ఇంకో చిక్కు వస్తుంది. కొత్తగా గీసే కొనకు చోటు కోసం క్లిప్ ఫిక్స్ మామూలుగా 9 డెసిబెళ్లు తగ్గిస్తుంది, ఆ తగ్గింపు ఎంచుకున్న ముక్కకే పడి, దెబ్బ దెబ్బకూ శబ్దం గుంటలో పడినట్టు ఉంటుంది. కాబట్టి ఎర్ర గీతలున్న చోట్లను, గీత లేకున్నా కొన చదునైన చోట్లను కంట్రోల్, బీ కలిపి నొక్కి ముందే లేబుళ్లతో గుర్తించండి. తరువాత ట్రాక్ మొత్తాన్ని 9 డెసిబెళ్లు తగ్గించండి (ఎర్ర గీతలు మాయమవుతాయి, కంగారుపడకండి). ఆపై ప్రతి ముక్కకూ తగ్గింపును 0గా పెట్టి క్లిప్ ఫిక్స్ నడపండి.

థ్రెషోల్డ్‌ను ఊహించి పెట్టకూడదు. శాంపిళ్లు చుక్కలుగా కనిపించేంత దగ్గరకు జూమ్ చేయండి. కొన అడ్డంగా సమంగా ఉంటే 95 సరిపోతుంది. వాలుగా ఉండి, ఎత్తైన చుక్క 0.30 వద్ద, చదును అంచు 0.27 వద్ద ఉంటే 90 పెట్టాలి. ఇంకా తగ్గిస్తే తెగని కొనలను కూడా తిరగగీసి, నాదస్వరానికి లేని గరగరను తెచ్చిపెడుతుంది. ఒక్క అంకె మార్చి, విని, నచ్చకపోతే అన్‌డూ చేసి మళ్లీ చేయండి. ఒకదాని మీద ఒకటి రెండుసార్లు నడపడం తప్పు.

ఈ సాధనం తెగినచోటుకు అటూ ఇటూ ఉన్న కొన్ని శాంపిళ్ల వాలును బట్టి వంపు గీస్తుంది. సెకనుకు 44,100 శాంపిళ్ల ఫైలులో 1,000 హెర్ట్జ్ తరంగానికి ఒక్కో ఆవృత్తికి సుమారు 44 చుక్కలుంటాయి. వాటిలో నాలుగైదు పోతే వంపు నమ్మదగినదే, ఇరవై పోతే అది ఊహ మాత్రమే. అంతగా తెగిన దెబ్బ స్థానంలో, పాటలో మరోచోట బాగున్న అదే దెబ్బను కాపీ చేసి నింపడమే నా పద్ధతి. ఒక్క మీటతో బాగుచేస్తామనే ఖరీదైన ప్లగిన్లు కూడా అక్కడ ఊహించేవే.

చివరగా ట్రాక్ మొత్తాన్ని ఎత్తైన కొన మైనస్ 1 డెసిబెల్ వద్ద ఆగేలా ఆంప్లిఫై చేసి, వేవ్ ఫైలుగా ఎగుమతి చేయండి. ఎంపీ3 కావాలంటే ఆ వేవ్ నుంచే తీసుకోండి.