మీవాడు వాంపైర్‌నంటున్నాడా? ముందు సీబీపీ (రక్తపరీక్ష) చేయించండి

అమీర్‌పేట హాస్టల్లో రూమ్‌మేటో, కూకట్‌పల్లిలో ఇంట్లోనే ఉంటున్న తమ్ముడో, డిగ్రీ చదివే కూతురో ఒకరోజు మెల్లగా బయటపెడతారు. తను వాంపైర్‌నని, అప్పుడప్పుడూ రక్తం పడకపోతే ఒళ్లు నీరసించిపోతుందని. వేళాకోళానికి కాదు, నిజంగానే నమ్మి చెబుతారు. విన్నవాళ్లు సాధారణంగా రెండే పనులు చేస్తారు. పగలబడి నవ్వుతారు, లేదా మర్నాడే తాయెత్తు కట్టించడానికి లాక్కెళ్తారు. ఏది చేసినా ఫలితం ఒకటే. అవతలి మనిషి మళ్లీ నోరు విప్పరు. రక్తం తాగడం మాత్రం ఆగదు, మీ కంట పడకుండా సాగుతుంది.

నమ్మకంతో గొడవ పెట్టుకోకుండా రక్తం సంగతి ఎలా తేల్చుకోవాలో చెప్పడమే ఇక్కడ పని.

ముందు ఏ రకమో తెలియాలి

అమెరికా, యూరప్‌లలో ఇలా తమను వాంపైర్లుగా చెప్పుకునేవాళ్లు గుంపులుగా కలుసుకోవడం దశాబ్దాలుగా ఉంది. ఇక్కడి పిల్లలు వాడే మాటలూ అక్కడివే. రక్తం కావాలనేవాళ్లు ‘సాంగ్వినేరియన్’లు. లాటిన్‌లో రక్తానికున్న పేరు నుంచి వచ్చిన మాట అది. ఎదుటివాళ్ల ప్రాణశక్తిని లాక్కుంటామనేవాళ్లు ‘సైకిక్’ రకం. రక్తం ఇచ్చే మనిషి ‘డోనర్’. చావులేనివాళ్లమని, గబ్బిలాలుగా మారతామని వీళ్లలో ఎక్కువమంది చెప్పరు. ఉద్యోగాలు చేసుకుంటూ, కిరాయిలు కట్టుకుంటూ బతుకుతారు.

నల్లబట్టలు, కోరపళ్లు మాత్రమే అయితే అది వేషం, వదిలేయండి. పళ్ల విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. డెంటిస్టు కొలత తీసి చేసిన అక్రిలిక్ తొడుగులు పెట్టుకుని తీసేసుకోవచ్చు. ఇన్‌స్టంట్ గమ్‌తో అతికించుకుంటే తీసేటప్పుడు ఎనామిల్ ఊడొస్తుంది, చిగురు కాలుతుంది. ప్రాణశక్తి రకంతో ఒంటికొచ్చే ముప్పేమీ లేదు. ఇంట్లో ఎవరికి నీరసమొచ్చినా ‘వీడే లాగేస్తున్నాడు’ అనడం మొదలవుతుంది, అదీ చిక్కు. ఆ నీరసపడ్డ మనిషికి షుగర్, థైరాయిడ్ చూపించండి. మిగతాదంతా రక్తం తాగేవాళ్ల గురించే.

మొదటి మాట

నలుగురిలో వద్దు. రాత్రి అన్నాలయ్యాక డాబా మీదో, బండి మీద పోతూనో అడగండి. ‘ఎందుకు’ అని మాత్రం అడగొద్దు. ‘ఎందుకు’ అంటే వచ్చేది కథ. ‘ఎప్పుడు, ఎంత, ఎవరిది’ అంటే లెక్కలొస్తాయి. మీకు కావాల్సింది లెక్కలే.

“ఆఖరిసారి ఎప్పుడు తాగినవ్ రా?”
“ఎవరిది? నీదేనా, ఇంకెవరిదన్ననా?”
“ఎంతుంటది, చెంచానా, గ్లాసా?”
“దేంతోని తీసిన్రు? ఆ సూది ఇంకెవరన్న వాడిన్రా?”

ఈ నాలుగింటికీ జవాబులొస్తే సగం పని అయినట్టే. పిశాచి, దెయ్యం అనే మాటలు మీ నోట రావొద్దు. పక్కింటివాళ్లకు, ఊళ్లోవాళ్లకు అసలే తెలియనివ్వొద్దు. బాణామతి, చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన ఘటనలు తెలంగాణకు కొత్త కాదు. ‘మావోడు రక్తం తాగుతున్నడు’ అన్న ఒక్క మాట ఊరు దాటేసరికి ఎటు తిరుగుతుందో చెప్పలేం.

ఏది వింటే ఆలస్యం చేయకూడదో కూడా తెలిసుండాలి. ఎవరో తాగమని చెవిలో ఆజ్ఞాపిస్తున్నారనడం, ఇంట్లో ఇంకొకరు తనను చంపడానికొచ్చిన వాంపైర్ అనడం, మూడు నాలుగు రాత్రులు కునుకు లేకపోయినా హుషారుగా తిరగడం, తన చేతులు తానే కోసుకుని నాకడం, కుక్కపిల్లల్నో పిల్లుల్నో గాయపరచడం, ఒప్పుకోని మనిషి మీదికి పోవడం. రెండు మూడు వారాల్లోనే మనిషి మనిషే మారిపోయినా ఇదే లెక్క. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థకు తీసుకెళ్లండి, లేదా ఏదైనా పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీకి. రాత్రిపూట అయితే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు. కత్తి బయటికొస్తే 112.

ఇవేవీ లేకుండా, పని చేసుకుంటూ, తింటూ, పడుకుంటూ ‘నేను వాంపైర్‌ని’ అంటే మాత్రం అదొక్కటే పిచ్చి కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 3వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది. చుట్టూ ఉన్న సమాజపు విలువలకు, మత నమ్మకాలకు ఒదగకపోవడాన్ని బట్టి మనిషికి మానసిక వ్యాధి ఉందని తేల్చకూడదు. ‘రెన్‌ఫీల్డ్ సిండ్రోమ్’ అని ఎవరైనా పెద్ద పేరు చెబితే బెదరకండి. అది 1992లో రిచర్డ్ నోల్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఓ నవలలోని పాత్ర మీద పెట్టిన పేరు. డాక్టర్లు జబ్బుల్ని గుర్తించడానికి వాడే జాబితాల్లో అది లేదు.

చెంచా రక్తంలో ఏముంది

హిమోగ్లోబిన్ 13 ఉన్న మనిషి రక్తం 100 మి.లీ. తీసుకుంటే అందులో సుమారు 45 మి.గ్రా. ఇనుము, 17 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. వినడానికి బాగానే ఉంది. కానీ వీళ్లు తాగేది ఎక్కువగా చెంచాల లెక్కన. 5 మి.లీ. చెంచాలో ఉండే ఇనుము 2 మి.గ్రా. పైచిలుకు. అందులో పావు వంతు ఒంటబట్టిందనుకున్నా అర మిల్లీగ్రామే. పీహెచ్‌సీలో ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రలో 60 మి.గ్రా. ఉంటుంది, పది శాతం పట్టినా 6 మి.గ్రా. అంటే ఒక మాత్ర పన్నెండు చెంచాల పెట్టు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే వాదన కన్నా బాగా పనిచేస్తుంది.

ఎక్కువ తాగితే కడుపు ఊరుకోదు. రక్తం కడుపులో పడితే వికారం, వాంతి. వాంతి కాఫీపొడి కలిపిన నీళ్లలా ఉంటుంది, మర్నాడు విరేచనం తారులా నల్లగా అవుతుంది. చూసినవాళ్లు అల్సర్ పగిలిందనుకుంటారు. డాక్టరూ అదే అనుకుని ఎండోస్కోపీ రాస్తారు. అందుకే డాక్టరు దగ్గర తాగిన సంగతి దాచకూడదు. ఐరన్ మాత్రలకూ విరేచనం నల్లగానే అవుతుంది, అదీ చెప్పాలి. తాగకుండానే ఇలా అయితే మాత్రం నిజంగా లోపల రక్తస్రావం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అసలు ప్రమాదం జబ్బుల్లో ఉంది. హెచ్‌ఐవీ అని అందరూ భయపడతారు గానీ, రక్తం నోట్లోకి పోయే సంగతికొస్తే ముందు భయపడాల్సింది హెపటైటిస్ బీకి. ఆ వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా ఏడు రోజుల దాకా బతికుంటుంది. చిగుళ్ల నుంచి రక్తమొచ్చేవాళ్లకు, నోట్లో పుండున్నవాళ్లకు దారి తెరిచి ఉన్నట్టే. హెపటైటిస్ సీ, సిఫిలిస్ కూడా రక్తంతో వచ్చేవే. ‘మా డోనర్ క్లీన్, టెస్టు చేయించాం’ అంటారు. ఆ టెస్టు ఏ రోజుదో అడగండి. వైరస్ ఒంట్లో చేరిన మొదటి వారాల్లో పరీక్షకు దొరక్కపోవచ్చు. షుగర్ చూసుకునే లాన్సెట్ సూదిని ఇద్దరు వాడితే ఈ జబ్బులన్నీ నేరుగా రక్తంలోకే చేరతాయి. పళ్లతో కొరికితే నోట్లోని సూక్ష్మక్రిములు కండలోకి దిగుతాయి, మనిషి కాటు చీము పట్టడం మామూలే. ఇంట్లో నరానికి సిరంజి పెట్టడం అసలే వద్దు.

డోనర్ లెక్క ఎవరూ వెయ్యరు. బ్లడ్ బ్యాంకులో ఒకసారికి 350 మి.లీ. తీసుకుంటే మగవాళ్లను 90 రోజులు, ఆడవాళ్లను 120 రోజులు మళ్లీ రానివ్వరు. వారానికి 50 మి.లీ. చొప్పున ‘కొంచెమే కదా’ అని ఇచ్చే అమ్మాయి మూడు నెలల్లో 650 మి.లీ. పోగొట్టుకుంటుంది. దాంతో పోయే ఇనుము సుమారు 290 మి.గ్రా. చాలామంది ఆడవాళ్ల ఒంట్లో నిల్వ ఉండేదే 300. పైగా మన దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి ముందే రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం, గోళ్లు చెంచాల్లా గుంట పడటం కనిపిస్తే డోనర్‌కే ముందు వైద్యం చేయించాలి. డోనర్‌కు 18 ఏళ్లు నిండలేదని తెలిస్తే ఆలోచించేదేం లేదు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

నిన్న రాత్రే తాగాడని తెలిస్తే

తాగినవాళ్లు నీళ్లతో నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. గాయమైనవాళ్లు సబ్బు, పారే నీళ్లతో కడుక్కోవాలి. గాయాన్ని పిండటం, పసుపో కాఫీపొడో అద్దడం, బ్లీచింగ్ పోయడం చేయొద్దు. తర్వాత గడియారం చూసుకోండి. హెచ్‌ఐవీ రాకుండా వేసే మందులు రెండు గంటల్లో మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే ఇవ్వరు. కోర్సు 28 రోజులు. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాలున్నాయి. రాత్రయితే వాటి క్యాజువాలిటీకే వెళ్లండి, పొద్దున ఓపీ కోసం ఆగొద్దు. ఏ మందు అవసరమో, అసలు అవసరమో కాదో డాక్టరు చూసి చెబుతారు. హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097 నంబరులోనూ అడగొచ్చు.

హెపటైటిస్ బీ టీకా వేసుకోకపోతే అదే రోజు మొదటి డోసు, తర్వాత నెలకు, ఆరు నెలలకు మిగతావి. ఎదుటి మనిషికి హెపటైటిస్ బీ ఉందని తెలిస్తే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా కావాలి, అది 24 గంటల్లో పడితే మంచిది. రక్తపరీక్షలు అప్పుడు, ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు. చాలామంది మొదటిది చేయించి మిగతావి ఎగ్గొడతారు. మొదటి రిపోర్టు చెప్పేది పాత సంగతి. నిన్నటి రాత్రి సంగతి తెలిసేది తర్వాతి వాటిలోనే.

పరీక్షలు, ఎండ గొడవ

ల్యాబుకు వెళ్లి సీబీపీ, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే సీరమ్ ఫెరిటిన్, బీ12, విటమిన్ డి, థైరాయిడ్ అడగండి. జ్వరమో జలుబో ఉన్నప్పుడు ఫెరిటిన్ చేయించొద్దు, అసలు కన్నా ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు 15 కన్నా తక్కువొస్తే ఇనుము అడుగంటినట్టే. ఇనుము తక్కువైనవాళ్లు ఐస్ కొరకడం, పచ్చి బియ్యం, మట్టి, సుద్దముక్కలు తినడం మన ఇళ్లలో చూస్తూనే ఉంటాం. రక్తం మీద మనసు పోయినవాళ్లలోనూ మొదట తేల్చుకోవాల్సింది ఇదే. మాత్ర పరగడుపున, నిమ్మరసం కలిపిన నీళ్లతో. ముందూ వెనకా గంటసేపు చాయ్ బంద్. హిమోగ్లోబిన్ సర్దుకున్నాక కూడా మూడు నెలలు వాడితేనే నిల్వ నిండుతుంది. అందరూ బోల్తాపడేది ఇక్కడే, ఓపిక రాగానే మానేస్తారు.

‘ఎండ పడదు’ అన్నది కూడా తీసిపారేయొద్దు. మొటిమలకు డాక్సీసైక్లిన్ వాడుతున్నారా అడగండి, ఆ మందుకు ఎండ తగిలితే చర్మం కాలినట్టవుతుంది. ముక్కుకు రెండు పక్కలా చెంపల మీద ఎర్రగా పేలితే లూపస్ (ఒంటి రోగనిరోధక శక్తి ఒంటి మీదే తిరగబడే జబ్బు) పరీక్ష చేయించాలి. మచ్చ పెద్దగా కనబడకుండానే నిమిషాల్లో మంట పుట్టడం చిన్నప్పటి నుంచీ ఉంటే పోర్ఫిరియాలో ఒక రకం కావచ్చు. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ తయారీ దెబ్బతినే అరుదైన జబ్బు అది. వాంపైర్ కథలు పోర్ఫిరియా రోగుల నుంచే పుట్టాయని 1985లో డేవిడ్ డాల్ఫిన్ అనే రసాయన శాస్త్రవేత్త అన్నాడు, పత్రికలు ఎగరేసుకుపోయాయి. కానీ తాగిన రక్తం ఆ జబ్బుకు మందు కాదు. కొన్ని రకాలకు హెమిన్ అనే మందు ఇస్తారు, అదీ నరంలోకి ఎక్కించేదే. ఇక మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్ చేసి, పగలు కర్టెన్లు దించుకుని పడుకునేవాళ్లకు ఎండంటే కళ్లు చికిలించుకుపోవడం వాంపైర్ లక్షణమేం కాదు.

నల్ల

రుచే కావాలంటే మన వంటింట్లోనే ఉంది. బోనాల్లో పోతరాజు గావు పట్టే ఊరు మనది, ‘నల్ల’ అనే మేక రక్తం కూర కొత్త కాదు. ఆదివారం తెల్లవారకముందే మటన్ షాపులో చెప్పిపెట్టి, చిటికెడు ఉప్పు వేసిన స్టీలు గిన్నె ఇచ్చి పట్టించుకోండి. కదపకుండా పది నిమిషాలుంచితే గడ్డ కడుతుంది. తొందరపడి కలిపితే పొడిపొడిగా విరిగిపోతుంది. రెండు వేళ్ల మందం ముక్కలు కోసి, పసుపు వేసిన మరుగునీళ్లలో సన్నమంట మీద 15–20 నిమిషాలు ఉడికించాలి. పెద్దమంట పెడితే రబ్బరే. ఒక ముక్క మధ్యకు కోసి చూడండి. అంచు నుంచి నడిమి దాకా చాక్లెట్ రంగులో, స్పాంజిలా సన్నటి బొర్రలతో ఉండాలి. నడుమ ఎర్రచార కనిపిస్తే మళ్లీ నీళ్లలో వేయాలి. పచ్చి రక్తంతో బ్రూసెల్లోసిస్ రావచ్చు, వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు. నీళ్లు వంచేసి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి, కారం, కొత్తిమీరతో వేయించుకోండి. థలసీమియాకు రక్తం ఎక్కించుకుంటున్నవాళ్లు దీని జోలికి పోవద్దు.

డాక్టరు దగ్గరికి

2015లో అమెరికాలో డి.జె.విలియమ్స్, ఎమిలీ ప్రయర్ ఇలాంటివాళ్లు 11 మందితో మాట్లాడితే, పిచ్చివాళ్లని ముద్ర వేస్తారని డాక్టర్లకు, కౌన్సెలర్లకు చెప్పడానికే భయపడుతున్నట్టు తేలింది. మీవాడిదీ అదే భయం. అందుకే ‘వాంపైర్’ అనే మాటతో మొదలుపెట్టొద్దు. చిన్న కాగితం మీద ఇంతే రాసుకోండి: ‘మనిషి రక్తం తాగే అలవాటు ఉంది. ఎన్నాళ్లుగా, నెలకు ఎన్నిసార్లు, ఒక్కోసారి ఎంత. ఆఖరి తేదీ. సూది ఎవరెవరు వాడారు. వాడుతున్న మందులు.’ డాక్టరుకు కావాల్సినవి ఇవే, నమ్మకం సంగతి ఆయన అడిగితే అప్పుడు చెప్పొచ్చు. కాగితం మీవాడి చేతికే ఇచ్చి, మొదటి పది నిమిషాలు మీరు బయట బెంచీ మీద కూర్చోండి. మీ ముందు చెంచా అన్నవాడు లోపల గ్లాసు అని చెప్పొచ్చు.