గుంటూరు కారం పక్కన వూవ్రే: ఏ సీసా, ఎంత చల్లగా, ఏ కూరతో

ఫ్రెంచ్ వైట్ వైన్ అనగానే చాలామంది చెయ్యి షార్డొనే మీదకే పోతుంది. ఓక్ పీపాలో పెంచిన షార్డొనే మన కారం తగిలితే చేదెక్కుతుంది. ఆంధ్రా భోజనం పక్కన నిలబడాలంటే వైన్‌కి కూరకి తీసిపోని పులుపు, మంటని తగ్గించే కాస్త తీపి ఉండాలి. వూవ్రే అనే ఫ్రెంచ్ వైట్ వైన్‌లో కాస్త తీపి రకమైన డెమీ సెక్‌లో ఈ రెండూ ఉంటాయి.

వూవ్రే ఊరి పేరు. ఫ్రాన్స్‌లో టూర్ నగరానికి తూర్పున, లువార్ నది ఒడ్డున ఉంది. ఆ పేరుకి 1936 నుంచి చట్టరక్షణ ఉంది. ద్రాక్ష చెనిన్ బ్లాంక్. నాసిక్‌లోనూ ఈ రకం పండుతుంది గానీ, లువార్ చల్లదనానికి కాయ నిదానంగా పండి పులుపు గట్టిగా నిలుస్తుంది. కుర్ర వైన్‌లో యాపిల్, బేరిపండు వాసన. వయసు పెరిగేకొద్దీ తేనె, మైనం.

లేబుల్ మీద తీపి మాట చూసి కొనండి. సెక్ అంటే తీపి తెలియదు. సెక్ టాండ్ర్‌లో చిరుతీపి, డెమీ సెక్‌లో నాలుకకి బాగానే తెలిసే తీపి. మోయెలూ మిఠాయిల పక్కకి పోయేది. ఏమీ రాయకపోతే దుకాణంలో అడగండి. ఆల్కహాల్ 13 శాతం దాటితే పక్కన పెట్టండి: మిరపలోని క్యాప్సైసిన్, ఆల్కహాల్ రెండూ ఒకే నాడీ గ్రాహకాన్ని రెచ్చగొడతాయి, మంట రెట్టింపైనట్టుంటుంది. కారానికి గెవుర్‌స్ట్రామినర్ అనే ఇంకో రకం వైట్ వైన్ మంచిదంటారు. థాయ్ కూరలకేమో గానీ, ఆల్కహాల్ ఎక్కువ, పులుపు తక్కువ కాబట్టి గోంగూర ముందు అది చప్పబడిపోతుంది.

అన్నిటికన్నా బాగా కుదిరేది రొయ్యల వేపుడు. అరకిలో రొయ్యలకి ఉప్పు, పావు చెంచా పసుపు పట్టించి, మూత పెట్టకుండా వదిలిన నీరు ఇగిరేదాకా ఉంచి దించండి. వేరే మూకుట్లో ఉల్లిపాయ, కరివేపాకు, అల్లంవెల్లుల్లి ముద్ద వేగాక రొయ్యలు వేసి, ఒక చెంచా కారం చల్లి, మూడు నిమిషాలు వేపితే చాలు. ఎక్కువసేపు ఉంచితే రబ్బరవుతాయి. అలవాటు కొద్దీ మూడు చెంచాల గుంటూరు కారం గుమ్మరిస్తే ఏ వైనూ నిలవదు. ఎరుపు కావాలంటే బ్యాడిగి కారం కలపండి. దించాక నిమ్మచెక్క పిండకండి, ఆ పని వైన్ చేస్తుంది.

చేపల పులుసులో బెల్లం ముక్క వేసే ఇళ్లలో డెమీ సెక్కే పోయండి. కూర తీపి వైన్ తీపిని మించితే వైన్ పలచగా, ఒట్టి పుల్లగా తోస్తుంది. పెసరట్టు, అల్లం పచ్చడికీ ఇదే లెక్క. పులిహోరకి సెక్ నడుస్తుంది. మిరపకాయ బజ్జీల దగ్గర మాత్రం బుడగల వూవ్రే వద్దు, గ్యాసు మంటని పొడుస్తుంది. ఆవకాయ ఉప్పుకీ ఆవఘాటుకీ ఏదీ ఆగదు. పెరుగన్నం కలపకముందే గ్లాసు ఖాళీ చేసేయండి.

చల్లదనం 8 నుంచి 10 డిగ్రీలు. ఫ్రిజ్‌లో మూడు గంటలుంచి, పోసే పది నిమిషాల ముందు బయటపెట్టండి. మరీ చల్లగా ఉంటే వాసన చచ్చి పులుపొక్కటే మిగులుతుంది. తొందరైతే బకెట్‌లో సగం ఐస్, సగం నీళ్లు, రెండు గుప్పిళ్ల ఉప్పు వేసి సీసాని మెడదాకా ముంచండి, 20 నిమిషాలు చాలు. ఉత్త ఐసైతే ముక్కల మధ్య గాలి ఉండి ఆలస్యమవుతుంది. ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే వైన్ గడ్డకట్టి బిరడాని బయటికి తోస్తుంది. బెజవాడ ఎండాకాలంలో గ్లాసుకి 90 మిల్లీలీటర్లే పోసి, సీసాని ఐస్ నీళ్లలోనే ఉంచండి. గ్లాసులో ఐస్ ముక్కలు వేస్తే పులుపూ తీపీ రెండూ పలచబడతాయి.

అడుగున పంచదార పలుకుల్లాంటివి కనిపిస్తే కంగారు వద్దు. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లపు లవణం చల్లదనానికి గడ్డకట్టిందంతే. చివరి గుక్కెడు సీసాలోనే వదిలేయండి. తడిసిన అట్టపెట్టె కంపు కొడితే మాత్రం అది బిరడా వల్ల వైన్‌కి పట్టిన దోషం. గాలి తగలనిచ్చినా పోదు, సీసా తిరిగి ఇచ్చేయడమే. మిగిలిన వైన్‌కి బిరడా బిగించి ఫ్రిజ్‌లో నిలబెడితే మూడు నాలుగు రోజులు బాగుంటుంది.